ఓపీకి ముందు ఓపిక

ఇంటి పెత్తనం అనేది ఒకప్పుడు కంటికి కనిపించేది. తాళాల గుత్తి ఎవరి బొడ్డులో ఉంటే పెత్తనం వారిది. బియ్యం కొట్టు తాళం, భోషాణం తాళం, బీరువా తాళం... ఏది ఎవరి చేతికి వచ్చిందన్న దాన్నిబట్టి ఆ ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో పనిమనిషికి కూడా తెలిసిపోయేది. కోడలు కాపురానికి వచ్చిన ఎన్నేళ్లకో గాని ఆవకాయ జాడీ మీద వాసెన గుడ్డ విప్పే అధికారం వచ్చేది కాదు. ఇప్పుడు కొట్లు లేవు, భోషాణాలు లేవు. ఆవకాయ కూడా కొట్టు నుంచి సీసాల్లో వస్తోంది. తాళాల గుత్తి బెడద వదిలిందనుకున్నాం. వదల్లేదండీ! వెళ్లి కంప్యూటర్లో కూర్చుంది.

మైన్‌క్రాఫ్ట్ అని ఒక ఆట ఉంది. మీ ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే నేను వేరే చెప్పనక్కర్లేదు. స్వీడన్ దేశంలో మార్కస్ పెర్సన్ అనే ఆయన మొదలుపెట్టాడు దీన్ని. 2009లో బయటికొచ్చి, 2011లో పూర్తి రూపానికి వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ వాళ్లు, ఆ ఆట కంపెనీని అమాంతం 250 కోట్ల డాలర్లకు కొనేశారు. 2023 నాటికి 30 కోట్ల పైచిలుకు ప్రతులు అమ్ముడుపోయాయి. చూడబోతే ఏముంది? అన్నీ నలుచదరపు దిమ్మలు. మట్టి దిమ్మ, రాతి దిమ్మ, చెక్క దిమ్మ. ఆవు చదరమే, చెట్టు చదరమే. ఆఖరికి సూర్యుడు కూడా మైసూరుపాకు ముక్కలా చదరంగానే ఉదయిస్తాడు. ఆ దిమ్మలు తవ్వుకోవడం, పేర్చుకోవడం, ఇళ్లు కట్టుకోవడం. ఇంతే ఆట. మనం చిన్నప్పుడు ఇసకలో కట్టిన పిచ్చుక గూళ్లే ఇవి. కాకపోతే వీటిని వాన కరిగించదు.

ఒక్కళ్లే ఆడుకుంటే గొడవ లేదు. నలుగురూ ఒకే లోకంలో కలిసి ఆడాలంటే ఆ లోకాన్ని పట్టుకుని కూర్చోవడానికి ఒక కంప్యూటరు కావాలి. దాన్ని సర్వర్ అంటారు. అటక మీద పడున్న పాత కంప్యూటరుని మావారు 2023 డిసెంబరులో ఒక ఆదివారం పూట దించి, దుమ్ము దులిపి, హాల్లో చెప్పుల స్టాండు పక్కన ప్రతిష్ఠించారు. సోమవారం పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్లిపోయారు. ఇక దాని ఆలనా పాలనా ఎవరిదంటారా? ఇంట్లో దేవుడి దీపానికి, తులసి కోటకి, కుక్కపిల్లకి ఎవరు దిక్కో వారిదే.

అలా నాకు ఆ విద్య అబ్బింది. ముందు తెలిసిందేమిటంటే, ఆ లోకానికో గుమ్మం ఉంటుంది. గుమ్మం దగ్గర వైట్‌లిస్ట్ అని ఒక జాబితా పెట్టుకోవచ్చు. పెళ్లి పిలుపుల జాబితా లాంటిదే. అందులో పేరున్నవాళ్లే లోపలికి రావాలి. ‘మా ఫ్రెండు వాళ్ల ఫ్రెండమ్మా, చాలా మంచివాడు’ అంటే కుదరదు. మంచివాడైతే ఒకసారి ఇంటికొచ్చి కాఫీ తాగమను, అప్పుడు చేరుద్దాం అన్నాను. మా సర్వరు మా ఇంటి గోడలు దాటి బయటి ఇంటర్నెట్టుకి తెరిచి లేదు. మా ఇంటి వైఫైలో ఉన్నవాళ్లే ఆడతారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పసిపిల్లలతో మాట కలిపే అవకాశం దీంతో పోతుంది. మీరు గనక ఇలాంటిది పెట్టుకుంటే ఈ ఒక్క సంగతీ గట్టిగా చూసుకోండి. మిగిలినవన్నీ తరవాత.

ఇక అసలు రామాయణం. ఒకరోజు మా పెద్దాడు వచ్చి, "అమ్మా, నాకు ఓపీ ఇవ్వవూ?" అన్నాడు. ఓపీ అంటే నాకు తెలిసింది ఆసుపత్రిలో తీసుకునే ఓపీ చీటీ ఒక్కటే. "ఏంరా, జ్వరమా?" అని నుదుటి మీద చెయ్యి వేశాను. వాడు నవ్వు ఆపుకోలేక సోఫాలో పడి దొర్లాడు. ఓపీ అంటే ఆపరేటర్ట. ఆ లోకంలో పెత్తందారు అన్నమాట!

ఆ పెత్తనానికి నాలుగు మెట్లున్నాయి. ఏ మెట్టూ లేనివాడు మామూలు ఆటగాడు. ఆటలోకి రాగానే అందరూ దిగే చోటు ఒకటుంటుంది, మనిళ్లలో వీధరుగులాగ. దాన్ని ఎవరుపడితే వారు తవ్వడానికి వీల్లేదు. మొదటి మెట్టువాడికి అక్కడ కూడా చెయ్యి పెట్టే హక్కు వస్తుంది. రెండో మెట్టువాడు మంత్రాలు చదవగలడు. నోరు తెరిచి వజ్రాలు కావాలంటే వజ్రాలు, గుర్రం కావాలంటే గుర్రం. ఎగరగలడు. ఒకరిని ఇక్కణ్ణించి అక్కడికి విసిరెయ్యగలడు. మూడో మెట్టువాడు మనుషుల్ని బయటికి గెంటగలడు, మళ్లీ రాకుండా నిషేధించగలడు, ఇంకొకడిని ఓపీ చెయ్యగలడు. నాలుగో మెట్టువాడు ఏకంగా లోకాన్నే ఆపెయ్యగలడు. తమాషా ఏమిటంటే, ఎవరికైనా ఓపీ ఇవ్వు అని ఊరికే ఒక ముక్క రాస్తే, ఆ మహాకంప్యూటరు తిన్నగా నాలుగో మెట్టు మీదే కూర్చోబెడుతుంది. తక్కువ ఇవ్వాలంటే మనమే ఓపిగ్గా ఫైలు తెరిచి అంకె మార్చాలి. ఇవ్వడం సులువు, కొలిచి ఇవ్వడం కష్టం. వంట చేసేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదనుకోండి.

పెద్దాడి పోరు పడలేక మావారు వాడికి ఓపీ ఇచ్చారు. 2024 ఎండాకాలం సెలవులకి కాకినాడ నుంచి మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. వాడు వీడికంటే ఏడాది పెద్ద. వాడికీ ఇచ్చారు. మా చిన్నదానికి పదేళ్లు. దానికి ఇవ్వలేదు. "అది చిన్నపిల్ల, దానికెందుకు?" అన్నారు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆ మాట అనే ముందు క్షణం కూడా ఆలోచించలేదు, అంతే. ఉద్దేశం లేకుండా జరిగే పంపకాలే ఎక్కువ కాలం నిలుస్తాయి, గమనించారా?

చిన్నది కూడా అడగలేదు. దాని ధ్యాసంతా ఇంటి మీదే. సంక్రాంతి సెలవుల నుంచి రోజుకో అరగంట చొప్పున కూర్చుని అది ఆ లోకంలో మా అమ్మావాళ్ల పెంకుటిల్లు కడుతోంది. నిజం ఇల్లు అమ్మేసి చాలా ఏళ్లయింది. దాని చిన్నప్పుడు తీసిన ఫొటోలు రెండు, నేను చెప్పిన కబుర్లు, ఇవే దాని ప్లాను. నాలుగు వసారాలు, మధ్యలో మండువా, దొడ్లో నుయ్యి. "అమ్మా, తాతగారి పడక్కుర్చీ ఏ వైపు ఉండేది?" అని అడుగుతుంటే నేను పోపు మాడ్చుకుంటూ చెప్పేదాన్ని.

మే నెల నడుమ ఒక మధ్యాహ్నం మగపిల్లలిద్దరికీ క్రికెట్ స్టేడియం కట్టాలన్న ఆలోచన పుట్టింది. చదునైన స్థలం కావాలి. రెండో మెట్టు మంత్రాల్లో ఫిల్ అని ఒకటుంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఫలానాదానితో నింపెయ్ అంటే, ఒక్క దెబ్బలో 32,768 దిమ్మల దాకా నింపుతుంది. గాలితో నింపు అంటే? అంతా మాయం! మా మేనల్లుడు అదే చేశాడు. నాలుగుసార్లు మంత్రం చదివాడు. నాలుగు నెలల ఇల్లు నాలుగు క్షణాల్లో పోయింది.

సాయంత్రం చిన్నది వచ్చి చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "బావా, నన్నెందుకు అడగలేదు?" అంది.

వాడు తెల్లబోయి చూశాడు. అల్లరి పిల్లవాడు కాడు పాపం. పాలగ్లాసు కూడా కడిగి పెట్టే పిల్లాడు. నిజంగానే అర్థంకాక, "నాకు ఓపీ ఉందిగా!" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ‘నాకు ఓపీ ఉందిగా’ అన్న మాట ఎన్ని ఇళ్లలో, ఎన్ని గొంతుల్లో విన్నాం! పుట్టింటి పొలం అమ్మేటప్పుడు అక్కచెల్లెళ్లని అడగని అన్నదమ్ములది ఇదే మాట. కోడలి నగలు కుదువపెట్టి ఆ తరవాత చెప్పే పెద్దలదీ ఇదే మాట. దుర్మార్గులైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. వీళ్లు మంచివాళ్లే. అధికారం చేతిలో ఉన్నవాడికి అడగాల్సిన అవసరం పడదు. అవసరం లేని పని అలవాటు తప్పుతుంది. అంచేత మంచివాడికైనా సరే, అడగక తప్పని ఏర్పాటు ఒకటి ఉండాలి.

మర్నాడు పెద్దాడు గొంతు తగ్గించి, "అమ్మా, ఉగాదినాడు లోకం మొత్తం కాపీ తీసి పెట్టాను" అన్నాడు. పరీక్షల్లో ఫస్టు వచ్చినప్పుడు కూడా వాణ్ణి అంత గట్టిగా ముద్దు పెట్టుకోలేదు నేను. కానీ ఆ కాపీ మొత్తం వెనక్కి పెడితే ఉగాది తరవాత అందరూ కట్టినవన్నీ పోతాయి. చిన్నదీ నేనూ కూర్చుని పుస్తకం చదివినట్టు చదివి ఒక దారి కనిపెట్టాం. ఆ లోకం అంతా ఒకే ఫైలుగా ఉండదు. అటు 512, ఇటు 512 దిమ్మల చొప్పున ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సర్వర్ ఆపి, ఇల్లున్న ముక్క ఒక్కటే ఉగాది కాపీ నుంచి తెచ్చి పెట్టవచ్చు. మిగతా ఊరు ఉన్నట్టే ఉంటుంది. చిక్కల్లా, స్టేడియం కూడా ఆ ముక్కలోనే ఉంది. ఇల్లు రావాలంటే స్టేడియం పోవాలి.

మేనల్లుడు ఆ పూట పెసరట్టు ముట్టలేదు. మేడ మీదికెళ్లి కూర్చున్నాడు. నేను బతిమాలలేదు, తిట్టలేదు. దీపాలు పెట్టే వేళకి దిగొచ్చి, "తీసెయ్యి అత్తా, అది మళ్లీ కడతాం" అన్నాడు. ఇల్లు వచ్చింది. నుయ్యి రాలేదు, అది ఉగాది తరవాత తవ్వింది. అది మేనల్లుడే తవ్వి పెట్టాడు. ఈసారి ఎక్కడ తవ్వాలో చిన్నదాన్ని అడిగి.

ఆ తరవాత ఇంట్లో పంచాయితీ పెట్టాం. నేను చెప్పిన సూత్రం ఒక్కటే. అధికారం వయసుని బట్టి కాదు, ముద్దుని బట్టి కాదు, పనిని బట్టి. పాలబ్బాయికి గేటు తాళం ఇస్తాం, బీరువా తాళం ఇస్తామా? ఇవ్వలేదని పాలబ్బాయిని అవమానించినట్టా? ఏ పనికి ఎంత కావాలో అంతే. పని అయ్యాక తిరిగి తీసుకోవాలి. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరు? "అయితే నీకెందుకు నాలుగో మెట్టు?" అన్నాడు పెద్దాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను ఆటలో ఓపీని కాను. పాత కంప్యూటరు ముందు కూర్చుంటే ఏదైనా చెయ్యగలను, కానీ దానికి హాల్లోకి వచ్చి అందరి ఎదురుగా కూర్చోవాలి. చాటుగా చెయ్యలేను.

మగపిల్లలిద్దరి ఓపీ రద్దు. సర్వరుని పేపర్ అనే రకానికి మార్చి, దానికి మూడు చిన్న ప్రోగ్రాములు తగిలించాం. మొదటిది లక్‌పెర్మ్స్. అధికారాన్ని గంపగుత్తగా కాకుండా చిల్లరగా ఇవ్వడానికి. ఏదో ఒక్క మంత్రమే కావాలా? అదొక్కటే ఇవ్వచ్చు. గంటసేపే కావాలా? గంట కాగానే దానంతటదే పోతుంది. తిరిగి ఇచ్చెయ్ అని మనం మొహం ముడుచుకోనక్కర్లేదు. పక్కింటివాళ్లకి ఇచ్చిన స్టీలు గిన్నెలకి కూడా ఇలాంటిది ఉంటే ఎంత బాగుండును!

రెండోది కోర్‌ప్రొటెక్ట్. ఏ దిమ్మ ఎవరు పెట్టారో, ఎవరు తీశారో, ఎప్పుడో రాసి పెడుతుంది. కావాలంటే ఒకరు చేసిన పనిని మాత్రమే వెనక్కి తిప్పుతుంది. మా ఇంట్లో జీడిపప్పు డబ్బాకి దీన్ని తగిలించే వీలుందా అని పెద్దాణ్ణి అడిగాను. లేదట.

మూడోది గ్రీఫ్‌ప్రివెన్షన్. బంగారు పార పుచ్చుకుని ఎదురెదురు మూలలు రెండు గుర్తు పెడితే ఆ స్థలం మనది. మనం నమ్మిన వాళ్లే చెయ్యి పెట్టాలి. నమ్మకంలో కూడా తరగతులున్నాయండోయ్! ఒక రకం నమ్మకానికి వచ్చి మీటలు నొక్కచ్చు, మంచం మీద పడుకోవచ్చు, పెట్టెలు తెరవకూడదు. ఇంకో రకానికి పెట్టెలు తెరవచ్చు, గోడలు కదపకూడదు. పూర్తి నమ్మకానికి కట్టనూ వచ్చు, కూల్చనూ వచ్చు. మన చుట్టాల్ని మనసులో ఇలా విడదీసుకుని పెట్టుకోనివాళ్లు ఎవరో చెప్పండి. చిన్నది తన పెంకుటింటికి బంగారు పారతో హద్దులు పెట్టుకుని, బావకి మొదటి రకం నమ్మకం ఇచ్చింది. "పడుకోవచ్చు, బీరువా జోలికి రాకూడదు" అని. నుయ్యి తవ్వాక రెండో రకానికి పెంచింది.

ఇదంతా అయ్యాక ఒకరోజు అది నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "అమ్మా, మనింట్లో నీది ఎన్నో లెవెలు?" అని అడిగింది.

నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. లెక్క వేసుకున్నాను. ఎవరికి ఏం కావాలన్నా చేతికి అందించే రెండో మెట్టు మంత్రం నాకు బాగా వచ్చు. ఎవరు వస్తారు, ఎన్నాళ్లుంటారు అన్న మూడో మెట్టులో సగం నాది. ఇల్లు, గ్యాసు, కరెంటు బిల్లు మావారి పేరు మీద ఉన్నాయి. నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు నా పేరు మీదే ఉంది. కానీ దానిలోంచి వంద రూపాయలు కదలాలంటే వచ్చే ఓటీపీ ఆయన ఫోనుకి వెళ్తుంది. ఖాతా తెరిచిన రోజున ఆ నంబరు రాశారు. ఉద్దేశం ఏమీ లేదు!

హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతోనే వచ్చింది. ఆనాటికి పెళ్లి కాని కూతుళ్లకి. 2005లో దాదాపు దేశమంతటా కూతుళ్లకి ఇచ్చారు. జాబితాలో మన పేరైతే ఉంది. అది ఉందని మన పిల్లకి చెప్పామా, దానికి బంగారు పార పట్టుకోవడం నేర్పామా అన్నదే మిగిలింది.

ఆ వారంలోనే బ్యాంకుకి వెళ్లి నా ఖాతాకి నా నంబరు రాయించుకొచ్చాను. మావారికి చెప్పే వెళ్లాను. "అయ్యో, దానికేం, ఎప్పుడో మార్చుకోవలసింది" అన్నారు. చెప్పానుగా, మంచివాళ్లే.

ఇప్పుడు మా ఇంట్లో ఓపీ వంతులవారీగా నడుస్తోంది. మూడో మెట్టు దాకా, తలా ఒక వారం. పోయిన నెల మొదటిసారి చిన్నదాని వంతు వచ్చింది. ఎగురుతుందేమో, వజ్రాలు కురిపిస్తుందేమో అని చూశాం. మూడో రోజు సాయంత్రం వచ్చి, "అమ్మా, ఇది వెనక్కి తీసేసుకో. పొద్దస్తమానం అన్నయ్య అదివ్వు అంటాడు, వాళ్ల ఫ్రెండు ఇదివ్వు అంటాడు. గొడవొస్తే నేనే తీర్చాలి. నా ఇంటి పని అలాగే ఉండిపోయింది" అంది విసుగ్గా.

"మిగిలిన నాలుగు రోజులూ చెయ్యి తల్లీ. మధ్యలో దిగకూడదు" అన్నాను.

ఓపీ అంటే ఏమిటో మా ఇంట్లో సరిగ్గా అర్థమైంది దానికొక్కదానికే!